ఆ రాబడి ఎవరి డబ్బుది? మూడు నమూనా పోర్ట్‌ఫోలియో సేవల సమీక్ష

గత నాలుగేళ్లలో మూడు పెట్టుబడి పరిశోధన సంస్థలకు చందా కట్టాను. మూడూ మన మార్కెట్ల నియంత్రణ సంస్థ అయిన సెబీ వద్ద రీసెర్చ్ అనలిస్టులుగా నమోదైనవే. మూడూ అమ్మేది ఒకే రకం సరుకు: ఏ షేర్లను ఏ నిష్పత్తిలో కొనాలో చెప్పే ఒక నమూనా పోర్ట్‌ఫోలియో, ఆ తరువాత నెలకో మూడు నెలలకో ఒకసారి అందులో చేయవలసిన మార్పుల జాబితా. షేర్లు మన డీమ్యాట్ ఖాతాలోనే ఉంటాయి, ఆర్డర్లు మన బ్రోకర్ ద్వారా మనమే పెట్టుకుంటాం, చందా రుసుము మాత్రం సంస్థకు వెళుతుంది. వారు ఎంచిన షేర్లు మంచివా కావా అన్నది ఈ సమీక్షలో విషయం కాదు. తమ పోర్ట్‌ఫోలియో ఇంత రాబడి ఇచ్చిందని వారు చెప్పే అంకె ఎంత నిజాయితీగా తయారవుతోంది, ఆ అంకెకూ చందాదారు చేతికి వచ్చే సొమ్ముకూ మధ్య దూరం ఎంత అన్నదే నేను పరిశీలించినది. సంస్థల పేర్లు రాయడం లేదు. మొదటిది, రెండవది, మూడవది అని మాత్రమే అంటాను, ఎందుకంటే నేను చూసిన లోపాల్లో చాలా వరకు ఒక్కరి సొంతం కావు, ఈ వ్యాపారం మొత్తానికీ అలవాటైనవి.

పరిశీలనకు నేను వాడిన సాధనం చాలా సాదాది. ప్రతి కొనుగోలుకూ అమ్మకానికీ బ్రోకర్ పంపిన కాంట్రాక్ట్ నోట్లను తేదీల వారీగా ఒక స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించి, అదే రోజున సంస్థ తన లెక్కలో వేసుకున్న ధరను పక్క గడిలో రాసుకున్నాను. రెండేళ్లు గడిచేసరికి ఆ రెండు గడుల మధ్య తేడా తనంతట తానే కథ చెప్పింది.

మొదటి సంస్థ స్మాల్‌క్యాప్, అంటే చిన్న కంపెనీల షేర్ల పోర్ట్‌ఫోలియో నడుపుతుంది. ఇరవై షేర్లు, సమాన వాటాలు, నెలకోసారి రీబ్యాలెన్స్ (షేర్లనూ వాటాలనూ మళ్లీ సరిచేయడం), అందులో సగటున నాలుగు షేర్లు మారడం. రిజిస్టర్డ్ అనలిస్టులు తమ ప్రకటనల్లో గత రాబడిని ప్రస్తావించరాదని సెబీ 2023 ఏప్రిల్‌లో ఇచ్చిన ప్రకటనల నియమావళి చెబుతుంది. అందుకేనేమో, వీరి ప్రకటనలో అంకె ఒక్కటీ లేదు, కానీ ఫోన్‌లో మాట్లాడిన అమ్మకాల ఉద్యోగి మాత్రం నోరారా చెప్పాడు, ఆపైన ఒక గ్రాఫ్ కూడా పంపాడు. ఆ గ్రాఫ్ 2020 మార్చి చివరి వారంలో మొదలవుతుంది. ఆ తేదీ చూసిన వెంటనే నేను ఆగి ఉండవలసింది, ఆగలేదు.

ఆ తేదీ ఎందుకు ముఖ్యమో నిఫ్టీ సూచీ లెక్కతోనే చెప్పవచ్చు. కోవిడ్ భయంతో మార్కెట్ కూలిన 2020 మార్చి 23న నిఫ్టీ 7,610 వద్ద ముగిసింది. 2024 సెప్టెంబర్ 26న 26,216 వద్ద ముగిసింది. ఈ రెండు తేదీల మధ్య చక్రవడ్డీ లెక్కన చూస్తే ఏటా 31 శాతానికి పైగా పెరిగినట్టు. ఇప్పుడు మొదటి తేదీని పది వారాలు వెనక్కి జరిపి, 2020 జనవరి 14న నిఫ్టీ ముగిసిన 12,362 నుంచి లెక్కించండి. అదే సూచీ, అదే ముగింపు తేదీ, రాబడి మాత్రం ఏటా సుమారు 17 శాతానికి దిగిపోతుంది. ఈ రెండు అంకెల్లో ఏదీ అబద్ధం కాదు. ఏ షేరునూ ఎంచకుండా, ఏ పరిశోధనా చేయకుండా, కేవలం ప్రారంభ తేదీని ఎంచుకున్నందుకే ఏటా 14 శాతం పాయింట్ల తేడా వచ్చింది. సంస్థ నిజంగానే ఆ వారంలో పుట్టి ఉంటే అది వారి అదృష్టం, దానికి నేను తప్పు పట్టను. అప్పుడైనా, ప్రతి మూడేళ్ల కాలానికీ విడివిడిగా రాబడి ఎంతో చూపించే రోలింగ్ రిటర్న్ పట్టికను గ్రాఫ్ కింద పెట్టడం వారి కనీస బాధ్యత. వీరు పెట్టలేదు.

అదే గ్రాఫ్‌లో పోర్ట్‌ఫోలియో గీత పక్కన పోలిక కోసం నిఫ్టీ 50 గీత గీశారు. స్మాల్‌క్యాప్ షేర్ల పోర్ట్‌ఫోలియోను దేశంలోని యాభై అతిపెద్ద కంపెనీల సూచీతో పోల్చడం బస్తీ కుస్తీ పోటీలో బరువు చూడకుండా జోడీ కట్టడం వంటిది. 2023 క్యాలెండర్ సంవత్సరంలో నిఫ్టీ 50 సుమారు 20 శాతం పెరిగితే నిఫ్టీ స్మాల్‌క్యాప్ 100 సుమారు 55 శాతం పెరిగింది. ఆ ఏడాది స్మాల్‌క్యాప్ పోర్ట్‌ఫోలియో 40 శాతం ఇచ్చి ఉంటే నిఫ్టీ గీత పక్కన అది వీరవిహారంగా కనిపిస్తుంది, తన తోటి సూచీ పక్కన వెనకబాటుగా కనిపిస్తుంది. పైగా వారు వాడిన నిఫ్టీలో డివిడెండ్లు లేవు, పోర్ట్‌ఫోలియో లెక్కలో ఉన్నాయి. డివిడెండ్లను కలిపి లెక్కించే టోటల్ రిటర్న్ ఇండెక్స్‌కూ మామూలు సూచీకీ నిఫ్టీ విషయంలో ఏటా ఒకటింబావు శాతం అటూ ఇటూగా తేడా ఉంటుంది. మ్యూచువల్ ఫండ్లన్నీ 2018 ఫిబ్రవరి 1 నుంచి ఆ టోటల్ రిటర్న్ సూచీతోనే తమను తాము పోల్చుకోవాలని సెబీ శాసించింది. ఇన్నేళ్ల తరువాత కూడా చందా సేవల వారు పాత సూచీనే వాడుతుంటే అది తెలియకపోవడం అనుకోవడానికి నాకు మనసు రాదు.

ఇక ధరల సంగతి. మార్పుల జాబితా నెల చివరి శుక్రవారం సాయంత్రం ఏడు గంటలకు మెయిల్‌లో వచ్చేది. సంస్థ తన లెక్కలో వేసుకునేది ఆ శుక్రవారం ముగింపు ధర. అంటే మార్కెట్ మూతబడిన మూడున్నర గంటల తరువాత మనకు చెప్పి, మూతబడిన క్షణాన తాము కొన్నట్టు రాసుకుంటారన్నమాట. సోమవారం ఉదయం ఏం జరుగుతుందో స్మాల్‌క్యాప్ షేర్లు కొన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. కొన్ని వేలమంది చందాదారులు తొమ్మిదింబావుకు ఒకే నాలుగు షేర్ల కోసం ఎగబడతారు. రోజుకు కోటి రూపాయల వ్యాపారం కూడా జరగని షేరు అయితే ఒక రోజులో పెరగడానికి అనుమతించిన గరిష్ఠ ధరను, అంటే అప్పర్ సర్క్యూట్‌ను తాకి, కొనేవారి వరుస తప్ప అమ్మేవారు ఒక్కరూ కనిపించరు. అలాంటి షేర్లు నాకు కొన్నిసార్లు మూడో రోజున దొరికాయి, ఒకటి రెండు అసలు దొరకనే లేదు. దొరకని షేరు ఆ తరువాత రెట్టింపు అయితే వారి గ్రాఫ్‌లో ఆ లాభం భద్రంగా ఉంటుంది, నా ఖాతాలో ఉండదు.

నా లెక్కలో ప్రతి కొనుగోలుకూ సగటున ఒక శాతం ఎక్కువ చెల్లించాను. ఒక శాతమే కదా అనిపిస్తుంది. కానీ నెలకు ఇరవై షేర్లలో నాలుగు మారుతుంటే నెలకు పోర్ట్‌ఫోలియోలో ఐదో వంతు, అంటే ఏడాదికి మొత్తం పెట్టుబడికి 2.4 రెట్లు కొత్తగా కొన్నట్టు. ఒక శాతం కాస్తా ఏటా 2.4 శాతం అవుతుంది. దీనికి లావాదేవీల ఖర్చు తోడవుతుంది. డెలివరీ మీద కొన్నప్పుడూ అమ్మినప్పుడూ 0.1 శాతం చొప్పున సెక్యూరిటీస్ ట్రాన్సాక్షన్ ట్యాక్స్, కొనుగోలు మీద 0.015 శాతం స్టాంపు డ్యూటీ, అమ్మిన ప్రతి షేరుకూ డీమ్యాట్ రుసుము. నా ఐదు లక్షల పెట్టుబడి మీద ఇవన్నీ కలిసి ఏటా 0.7 శాతం దాకా తేలాయి.

అన్నిటికంటే పెద్దది చందా. ఏడాదికి 18,000, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 21,240 రూపాయలు. ఐదు లక్షల మీద ఇది 4.25 శాతం. నలభై లక్షలు పెట్టినవారికి ఇదే రుసుము అర శాతం చిల్లర. రెండు లక్షలు పెట్టిన కుర్రవాడికి పది శాతం పైమాటే. రుసుము పెట్టుబడి మొత్తంతో సంబంధం లేకుండా స్థిరంగా ఉన్నప్పుడు 'రుసుము తీసివేయగా రాబడి' అనే ఒకే అంకె సాధ్యం కాదన్నది సంస్థల వాదన. వాదనలో న్యాయం ఉంది. అయితే దాన్ని సాకుగా చేసుకుని రుసుమును అసలే తీసివేయకుండా చూపడం న్యాయం కాదు. రెండు లక్షలకు, ఐదు లక్షలకు, ఇరవై లక్షలకు విడివిడిగా మూడు గీతలు గీయడం అసాధ్యమైన పనేమీ కాదు. ఒక కుటుంబం నుంచి ఏడాదికి 1,51,000 రూపాయలకు మించి రుసుము వసూలు చేయరాదని సెబీ నియమం ఉంది, కానీ ఆ పరిమితిని చూసి ఊరట చెందితే పొరపాటే. పది లక్షల ఖాతా మీద ఆ గరిష్ఠ రుసుము తీసుకుంటే పన్ను కలపకుండానే అది 15 శాతం అవుతుంది.

ధరల తేడా, లావాదేవీల ఖర్చు, చందా ఈ మూడూ కలిపితే వారి గ్రాఫ్‌కూ నా ఖాతాకూ మధ్య ఏటా 7.3 శాతం పైగా తేడా వచ్చింది. ఇది ఆదాయపు పన్నుకు ముందు సంగతి. నెలనెలా మార్చే పోర్ట్‌ఫోలియోలో లాభాలు చాలా వరకు ఏడాది నిండకుండానే చేతికి వస్తాయి కనుక వాటి మీద స్వల్పకాలిక మూలధన లాభాల పన్ను పడుతుంది, అది 2024 జూలై 23 నుంచి 15 శాతం కాక 20 శాతం. ఏ షేరునూ కదపకుండా సూచీ ఫండ్‌లో కూర్చున్నవాడు అదే కాలంలో పైసా పన్ను కట్టడు. పన్ను ప్రతివారికీ వేరు కనుక సంస్థలు దాన్ని లెక్కలో చూపలేవన్నది ఒప్పుకుంటాను. కానీ ఏడాదిలో ఎన్ని రెట్లు కొని అమ్మారో తెలిపే టర్నోవర్ నిష్పత్తిని చెబితే మిగతాది చందాదారే లెక్క వేసుకుంటాడు. ఆ ఒక్క అంకె మొదటి సంస్థ పేజీలో ఎంత వెతికినా దొరకదు.

ఇంకో మాట చెప్పి ఈ సంస్థను వదిలేస్తాను. నేను చేరిన రోజున వారి పేజీలో తొమ్మిది పోర్ట్‌ఫోలియోలు ఉన్నాయి. అలవాటు కొద్దీ పేర్లన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రెండేళ్ల తరువాత చూస్తే ఏడే ఉన్నాయి. మాయమైన రెండూ ఏవో ఊహించడానికి జ్యోతిషం అక్కరలేదు. ఇప్పుడు కొత్తగా చేరేవారికి 'మా పోర్ట్‌ఫోలియోలన్నీ సూచీని మించాయి' అని చెబితే అది అక్షరాలా నిజమే అవుతుంది.

రెండవ సంస్థ తీరు వేరు. వీరు పోర్ట్‌ఫోలియో మొత్తం రాబడిని చూపరు. ఇప్పటివరకు ఇచ్చిన సిఫార్సుల సగటు రాబడి, లాభంతో ముగిసిన సిఫార్సుల శాతం, ఈ రెండే చూపిస్తారు. 'ముగిసిన' అన్న మాట దగ్గరే కిటుకు ఉంది. లక్ష్య ధర తాకిన షేరును వెంటనే ముగించినట్టు ప్రకటిస్తారు. పడిపోయిన షేరును 'దీర్ఘకాలానికి అట్టిపెట్టండి' అని తెరిచి ఉంచుతారు. తెరిచి ఉన్నవి లెక్కలోకి రావు. ఇలా నడిపితే ఎంత పనికిమాలిన ఎంపికలకైనా గెలుపు శాతం తొంభై దాటడం పెద్ద విషయం కాదు. నా వద్ద ఉన్న వారి పాత మెయిళ్లను వరుసగా పేర్చి, తెరిచి ఉన్నవాటిని ఆనాటి మార్కెట్ ధరతో కలిపి మళ్లీ లెక్కించినప్పుడు సగటు సగానికి పైగా పడిపోయింది.

వీరికి ఇంకో అలవాటు ఉంది. ప్రతి ముగిసిన సిఫార్సు పక్కన 'వార్షిక రాబడి' అని రాస్తారు. తొమ్మిది రోజుల్లో 6 శాతం వస్తే ఏడాదికి 243 శాతం అని వేస్తారు. తొమ్మిది రోజుల అదృష్టం ఏడాది పొడవునా నలభై సార్లు వరుసగా పునరావృతమవుతుందన్న ఊహ ఆ అంకె వెనక దాగి ఉంది. ఇది మన దేశపు వింత మాత్రమే కాదు. న్యూయార్క్‌కు చెందిన టైటాన్ అనే పెట్టుబడి సలహా సంస్థ తన క్రిప్టో వ్యూహానికి ఏడాదికి 2,700 శాతం దాకా రాబడి అని ప్రచారం చేసిందనీ, మొదటి మూడు వారాల ఫలితమే ఏడాదంతా కొనసాగుతుందని లెక్క వేసుకుని ఆ అంకె తెచ్చిందనీ అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ అయిన సెక్ 2023 ఆగస్టులో అభియోగం మోపింది. సంస్థ తప్పును ఒప్పుకోకుండా, కాదనకుండా పది లక్షల డాలర్లకు పైగా చెల్లించి వివాదాన్ని ముగించుకుంది.

సిఫార్సుల సగటు చూపడం తనంతట తాను మోసం కాదు, ఏం చూపుతున్నారో స్పష్టంగా రాస్తే చాలు. అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారిలో చాలామందికి పరిచయమైన మోట్లీ ఫూల్ వారి స్టాక్ అడ్వైజర్ సేవ 2002 నుంచి తన సిఫార్సులన్నిటి సగటు రాబడిని, అవే తేదీల్లో అమెరికా పెద్ద కంపెనీల సూచీ ఎస్ అండ్ పీ 500లో పెట్టి ఉంటే వచ్చే సగటుతో పోల్చి చూపుతుంది. ఆ సగటులో దశాబ్దాల కిందట సిఫార్సు చేసి వందల రెట్లు పెరిగిన కొన్ని షేర్లు మిగతా వాటినన్నిటినీ భుజాన మోస్తుంటాయి, కాబట్టి నిన్న చేరిన చందాదారుకు ఆ అంకె వల్ల తెలిసేది తక్కువ. ఏటా ఎంత అన్నది కూడా అందులో ఉండదు. అయినా సూచీతో తేదీకి తేదీ పోల్చడం, పడిపోయిన సిఫార్సులను కూడా జాబితాలో ఉంచడం మెచ్చదగినవి. అక్కడిదే మరో పరిశోధన సంస్థ జాక్స్, తాను మొదటి ర్యాంకు ఇచ్చిన షేర్ల రాబడిని 1988 నుంచి చెబుతుంది. అది నెలనెలా సమాన వాటాలతో రీబ్యాలెన్స్ చేసిన ఊహాజనిత పోర్ట్‌ఫోలియో అనీ, లావాదేవీల ఖర్చు సున్నాగా తీసుకున్నామనీ, ఇవి నిజమైన ఖాతాల రాబడులు కావనీ తానే కింద రాస్తుంది. అక్షరాలు చిన్నవే, కానీ ఉన్నాయి. మా రెండవ సంస్థ పేజీలో చిన్న అక్షరాలు కూడా లేవు.

మూడవ సంస్థ గురించి రాయడానికే నిజానికి ఈ సమీక్ష మొదలుపెట్టాను, ఎందుకంటే నిజాయితీగా చెప్పడం సాధ్యమేనని చూపినది వీరొక్కరే. వీరిది అన్ని పరిమాణాల కంపెనీలూ కలిసిన ఇరవై ఐదు షేర్ల పోర్ట్‌ఫోలియో, మూడు నెలలకోసారి మార్పు. జాబితా ఆదివారం వస్తుంది. లెక్కలో వేసుకునే ధర సోమవారం రోజంతా జరిగిన వ్యాపారపు సగటు ధర. పోలిక నిఫ్టీ 500 టోటల్ రిటర్న్ సూచీతో. లైవ్‌గా నడిచిన కాలపు గీత ఒక రంగులో, అంతకు ముందరి బ్యాక్‌టెస్ట్ గీత బూడిద రంగులో ఉంటుంది, సీఏజీఆర్ (చక్రవడ్డీ లెక్కన ఏటా రాబడి) అంకె లైవ్ కాలానికి మాత్రమే ఇస్తారు. బ్యాక్‌టెస్ట్ గీత గురించి ఒక మాట చెప్పాలి. పాత డేటా మీద ఎన్నో సూత్రాలు ప్రయత్నించి, బాగా కుదిరినదాన్ని మాత్రమే చూపడమే బ్యాక్‌టెస్ట్ సారాంశం కనుక, పరీక్షలో ప్రశ్నపత్రం చూశాక రాసిన జవాబుకు ఎంత విలువో దానికీ అంతే విలువ ఇవ్వాలి. వీరు దాన్ని ఉంచకపోయినా బాగుండేది, కానీ కనీసం నిజమైన దానితో కలిపి అతికించలేదు.

మూసివేసిన రెండు పోర్ట్‌ఫోలియోల చరిత్ర కూడా వీరి పేజీలో కింద అలాగే ఉంది. అందులో ఒకటి మూడేళ్లలో సూచీ కంటే బాగా వెనకబడిందని వారే రాశారు. గరిష్ఠ స్థాయి నుంచి ఎంత లోతుకు పడిందో, తిరిగి ఆ స్థాయికి చేరడానికి ఎన్ని నెలలు పట్టిందో చెప్పే పట్టిక మొదటి పేజీలోనే ఉంటుంది. రుసుము తీసివేసిన రాబడి మూడు వేర్వేరు పెట్టుబడి మొత్తాలకు ఇస్తారు. నా కాంట్రాక్ట్ నోట్లకూ వీరి ధరలకూ మధ్య తేడా ఒక్కో కొనుగోలుకు నూటికి పది పైసలు కూడా లేదు, కొన్నిసార్లు నాకే తక్కువకు దొరికాయి. మొదటి సంస్థ అనుభవం తరువాత ఈ గడి చూసి చాలాసేపు నమ్మలేకపోయాను.

అయినా ఏడాదిన్నర గడిచాక నాకు కోపం వచ్చింది. వారి పేజీ లాభం చూపిస్తోంది, నా ఖాతా నష్టం చూపిస్తోంది. ధరలు కలుస్తున్నాయి, రుసుము తెలిసినదే, మరి డబ్బు ఎక్కడికి పోయింది? ఘాటుగా ఒక మెయిల్ రాశాను. రెండు రోజుల్లో వచ్చిన జవాబు చదివి తప్పు నాదేనని ఒప్పుకోవలసి వచ్చింది, ఆ లెక్క ఇక్కడ చెప్పడం ఉపయోగం. ఒకరు లక్ష రూపాయలతో మొదలుపెట్టారనుకుందాం. మొదటి ఏడాది పోర్ట్‌ఫోలియో 50 శాతం పెరిగి లక్షన్నర అయింది. ఆ ఉత్సాహంలో మరో ఐదు లక్షలు కలిపారు, మొత్తం ఆరున్నర లక్షలు. రెండవ ఏడాది 20 శాతం పడి 5,20,000 మిగిలింది. చేతి నుంచి పెట్టినది ఆరు లక్షలు కనుక నష్టం 80,000. కానీ పోర్ట్‌ఫోలియో రెండేళ్లలో ఒకటిన్నర రెట్లయి, అందులో ఐదో వంతు తగ్గి, మొత్తం మీద 20 శాతం లాభంలో ఉంది, అంటే ఏటా సుమారు 9.5 శాతం. రెండూ సరైన లెక్కలే. మొదటిది డబ్బు ఎప్పుడు పెట్టామో కూడా కలిపి చూసే ఎక్స్‌ఐఆర్‌ఆర్. రెండవది ఆ నిర్ణయాన్ని పక్కన పెట్టి వ్యూహాన్ని మాత్రమే తూచే టైమ్ వెయిటెడ్ రిటర్న్. నేనెప్పుడు డబ్బు కలపాలో వారు చెప్పలేదు కనుక ఆ నష్టాన్ని వారి ఖాతాలో వేయడం అన్యాయం. ఖాతాదారు డబ్బును తామే నడిపే పోర్ట్‌ఫోలియో మేనేజ్‌మెంట్ సేవలకు 2020 అక్టోబర్ నుంచి సెబీ విధించినది కూడా ఈ టైమ్ వెయిటెడ్ పద్ధతే, అదీ రుసుములూ ఖర్చులూ అన్నీ తీసివేశాక. లెక్క కట్టే పద్ధతి తెలియకపోతే మంచి ఉద్దేశం ఉన్నవారు కూడా ఎంత దూరం తప్పిపోతారో ఇల్లినాయ్ రాష్ట్రంలోని బియర్డ్‌స్‌టౌన్ మహిళల పెట్టుబడి సంఘం చూపింది. పదేళ్లపాటు ఏటా 23.4 శాతం సంపాదించామని చెప్పుకుని ప్రసిద్ధులైన ఆ పెద్దవాళ్లు సభ్యులు నెలనెలా కట్టిన చందాలను కూడా లాభంలో కలిపేశారని 1998లో బయటపడింది. ఆడిట్‌లో తేలిన అసలు అంకె 9.1 శాతం.

మూడవ సంస్థలో లోపాలు లేవని కాదు. టర్నోవర్ నిష్పత్తి అడిగితే ఇస్తారు, పేజీలో మాత్రం పెట్టరు. పన్ను ప్రభావం గురించి ఒక్క వాక్యం లేదు. రుసుము తీసివేసిన మూడు అంకెల్లో పెద్ద పెట్టుబడి వారిది పెద్ద అక్షరాల్లో, మిగతా రెండూ కింద చిన్నగా ఉంటాయి. అమ్మకాల విభాగం అన్ని చోట్లా ఒకటే కదా.

సంస్థలే తమ మార్కులు తాము వేసుకునే ఈ పరిస్థితికి బయటివారి తనిఖీ తప్ప మందు లేదని చాలాకాలంగా నా అభిప్రాయం. అమెరికాలో మార్క్ హల్బర్ట్ అనే పాత్రికేయుడు 1980 నుంచి పెట్టుబడి పత్రికల సలహాలను ఒక మామూలు చందాదారు దృష్టితో తూచేవాడు. సలహా చేతికి అందాక పాఠకుడు నిజంగా కొనగలిగే ధరతో, కమిషన్ కలిపి లెక్క కట్టడం ఆయన పద్ధతి. ఆ ప్రచురణ 2016లో మూతపడింది. మన దగ్గర ఆ పని ఇప్పుడు నియంత్రణ సంస్థ ఆధ్వర్యంలో మొదలైంది. గత నష్టభయాన్నీ రాబడినీ ధ్రువీకరించే పార్వా అనే ఏజెన్సీకి సెబీ 2025 ఏప్రిల్ 4న సర్క్యులర్ ద్వారా నియమాలు ఏర్పరచింది. క్రెడిట్ రేటింగ్ సంస్థ అయిన కేర్ రేటింగ్స్ ధ్రువీకరణ బాధ్యత తీసుకుంటే, నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ డేటా కేంద్రంగా పనిచేస్తుంది. సిఫార్సు ఇచ్చినప్పుడే అది డేటా కేంద్రంలో నమోదవుతుంది కనుక పడిపోయినదాన్ని తరువాత చెరిపేసే వీలు ఉండదు. ఇలా ధ్రువీకరించిన రాబడిని మాత్రం ప్రకటనల్లో చెప్పుకోవచ్చు.

ఇందులో నాకు బాగా నచ్చినది, సంస్థలకు బొత్తిగా నచ్చనిది ఒకటే నిబంధన: చేరిన రోజు నుంచి ముందుకు జరిగేదే ధ్రువీకరిస్తారు, వెనకటి గ్రాఫ్‌కు ముద్ర వేయరు. 2020 మార్చితో మొదలయ్యే గీతలకు అక్కడ చోటు లేదు. నచ్చనిది కూడా చెప్పాలి. చేరడం ఐచ్ఛికం. దాచుకోవలసింది ఉన్నవారు చేరకుండా ఉండిపోవచ్చు, పైగా ఒకటి రెండేళ్ల ధ్రువీకరణ అదృష్టాన్నీ నైపుణ్యాన్నీ విడదీయలేనంత చిన్న కాలం.

పార్వాలో చేరుతున్నారా అని మూడు సంస్థలకూ ఒకే మాటల్లో మెయిల్ పంపాను. మొదటివారు 'అంతర్గతంగా పరిశీలిస్తున్నాం' అన్నారు. రెండవవారి నుంచి జవాబు లేదు, మరునాడు ఉదయం మాత్రం పండుగ రాయితీతో చందా పునరుద్ధరించుకోమని ఒక సందేశం వచ్చింది. మూడవవారు చేరడానికి నిర్ణయించుకున్నామనీ, దానివల్ల ఏడేళ్ల పాత గీతను పక్కన పెట్టి సున్నా నుంచి కొత్త గీత మొదలుపెట్టవలసి వస్తుందనీ, ఆ విషయంలో తమలో తమకే ఏకాభిప్రాయం లేదనీ రాశారు. వారి చందా జీఎస్టీతో కలిపి 14,160 రూపాయలు, నేను అందులో ఉంచిన ఎనిమిది లక్షల మీద 1.77 శాతం. ఆ అంకెను నా స్ప్రెడ్‌షీట్ మొదటి వరుసలో నష్టంగా రాసుకుని, మరో ఏడాదికి కట్టాను.